కార్ స్ట్రీట్‌లో కార్లకు ప్రవేశం లేదు

బోర్డు రాసినోడు నవ్వకుండా ఎట్ల రాసినాడో గానీ
పొద్దున ఆరింటి నించి
నవ్వాపుకోలేక చస్తా ఉండా నేను.
ఒక ఇనుప బారికేడు, ఒక ఈల,
తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా,
హోంగార్డు దొరసామి.

మొదటి కారు సేలందంట.
అద్దం దిగి, చల్లగాలితో పాటు
ఒక గుండు బయటికొచ్చింది, చందనం ఇంకా ఆరలా.
"పేరే కార్ స్ట్రీట్ గదా సార్?" అని అరవంలో అడిగినాడు.
అరవంలోనే చెప్పినా:
ఆ కారు వేరే సామీ.
తేరును పట్టుకొని దొరలు కారన్నారు.
దానికి హారను ఉండదు, రివర్సు గేరు తెలీదు,
ఏడాదికి ఒకే తూరి, వైశాఖంలో వొస్తాది.
ఆయప్ప గుండు తడుముకొని
పార్కింగు యాడుండాదో అడిగినాడు.
అది మాత్రం నాకూ సరిగ్గా తెలీదు.

నిన్నటిదాకా ఈ వీధి
గొంతులో ఇరుక్కున్న సంగటిముద్ద.
కక్కలేదు, మింగలేదు.
గాంధీ రోడ్డులో ఒక ఆటో వెనక్కొస్తే
బండ్ల వీధి చివర ఆవు గూడా అడుగు వెయ్యలేకపోయేది.
పాలక్యాను మూత తియ్యకముందే విరిగిపోయేది.
ఇప్పుడు బండ్ల వీధిలో బండి నిలిపితే ఫైను.
పట్టుచీరల ధనకోటి సెట్టి గల్లా దిగొచ్చి
నా ఈల వంక చూసి అన్నాడు:
"బోణీ నీ దగ్గరే ఆగిపోయిందబ్బా."
ఏం చెప్తా? ఆయన గల్లాలో నా ఈల లేదు,
నా జీతంలో ఆయన బోణీ లేదు.

మా నాయన చెంగల్రాయుడు
తేరుచక్రం కింద మొద్దు వేసేవాడు.
తాడు లాగేదానికి వెయ్యిమంది,
గోయిందా అనేదానికి ఊరంతా.
మలుపులో ఆ కొండంత కట్టెను
గోడకు జానెడు దూరంలో ఆపేదానికి
ఒక చింతమొద్దు, వంగిన నడుము.
"కదిలించేది సామి రా, ఆపేది మనం" అనేవాడు
కల్లు తాగినప్పుడు. తాగనప్పుడు ఏమీ అనడు.
ఎడమచేతికి మూడే వేళ్లు ఆయనకు.
మిగతా రెండూ ఈ మూలలోనే ఉండాయి,
నాలుగు పొరల తారు కింద.

పదకొండింటికి ఒక పెద్దావిడ, వాయల్పాడు రెడ్డెమ్మ.
"మోకాళ్లు రెండూ పొయినాయి నాయనా, కారు పోనీ."
నా చేతిలో కాగితం తీసి చూసినా.
అత్యవసరం అని ఉండాది, మోకాళ్లు అని లేదు.
బ్యాటరీ బండి వొస్తాదన్నారు,
చార్జింగులో ఉండాదంట, మూడు దినాలుగా.
కదిర్వేలు అరటిపండ్ల తోపుడుబండి ఖాళీ చేసి
గోనెపట్ట పరిచి కూర్చోబెట్టినాం.
రెండు చేతుల్తో అంచు పట్టుకొని
ఆమె వీధి పొడుగునా తిడతానే పొయింది:
"అరటికాడ జిగురు రా, చీరకు పడితే పోదురా!"

రెండింటికి, ఎండ నెత్తిన నిలబడినప్పుడు,
వీధి వినిపించింది.
పూలంగట్లో దారం తెగిన చప్పుడు.
రాగిబిందె మీద సుత్తి.
ఎవురి జేబులోనించో రూపాయి జారి
దొర్లి, దొర్లి, పడుకున్న చప్పుడు.
నేను పుట్టినాక ఇది మొదటిసారి.
రూపాయి పారేసుకున్నాయన గూడా ఒక నిమిషం
వొంగకుండా వింటా నిలబడినాడు.

నాలుగింటికి ఫోనొచ్చింది.
"తెల్లకారు, మన వాళ్లదే, పంపించెయ్."
ఎవురి వాళ్లో అడగలేదు.
తొందరలో బారికేడు జరిపితే
ఇనుప సందులో చెయ్యి పడింది.
తెల్లకారు అద్దం దించకుండా పొయింది.
సెట్టి అరుగు మీదనించి చూసినాడు,
కదిర్వేలు చూసినాడు,
గోపురం మాత్రం ఎప్పట్లాగానే ఎటో చూస్తా ఉండాది.

చెయ్యి విదిలించి,
నెత్తురు తడిగుడ్డకు తుడిచి,
లెక్కబెట్టుకున్నా.
ఐదూ ఉండాయి.
ఎందుకో సిగ్గేసింది.